తలపోటు రాకుండా ఆపే మాత్రను మా పీహెచ్‌సీ దాకా తీసుకురండి

ఆంధ్రప్రదేశ్ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి, ఆ శాఖ ఉన్నతాధికారులకు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పే టీచర్‌ని. నాకు చాలా ఏళ్లుగా మైగ్రేన్ ఉంది. పలాసకు కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం వచ్చాక మా ప్రాంతానికి జరిగిన మేలు మేం మరచిపోలేదు. ఇప్పుడు మేం అడుగుతున్నదానికి భవనాలు అక్కర్లేదు, కొత్త యంత్రాలు అక్కర్లేదు. ప్రొప్రనోలాల్ అనే పాత, చవకైన బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని, బీపీని తగ్గించే రకం) మాత్ర మైగ్రేన్ ఉన్నవాళ్లకు పీహెచ్‌సీలో, విలేజ్ క్లినిక్‌లో నెలనెలా అందాలి. దాన్ని ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో అడిగి తెలుసుకుని ఇచ్చే ఏర్పాటు ఉండాలి. మా కోరిక ఇంతే.

ఈ విషయం మీద కొంతమంది ఆడవాళ్లం కలిసి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాం. కొన్నాళ్లకు అర్జీ పరిష్కారమైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మాత్రలు రాలేదు, మాతో ఎవరూ మాట్లాడలేదు. మళ్లీ రాశాం. ఈసారి మెసేజ్ కూడా లేదు. అందుకే అందరూ చదివేలా ఇలా రాస్తున్నాను.

మైగ్రేన్ అంటే కాఫీ తాగితే పోయే తలనొప్పి కాదు. మందు వేయకపోతే ఒక్కో పోటు నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉంటుంది. చాలామందికి తలలో ఒక పక్కనే దడదడమని పొడుస్తుంది. వాంతులవుతాయి, వెలుతురు చూడలేం, చప్పుడు భరించలేం. కొందరికి ముందుగా కళ్ల ముందు మెరుపు గీతలు కనబడతాయి. మా వైపు దీన్ని ఒంటితల పోటు అంటారు, పార్శ్వపు నొప్పి అంటారు, పైత్యం అని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. బెంగళూరులోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంటింటికీ తిరిగి చేసిన ఒక సర్వే 2015లో అచ్చయింది. 18 నుంచి 65 ఏళ్ల లోపు వాళ్లలో సుమారు 25 శాతం మందికి ఏడాదిలో ఒక్కసారైనా మైగ్రేన్ వచ్చిందని అందులో తేలింది. అంటే నలుగురిలో ఒకరు. మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఇది బాగా ఎక్కువ. మనిషిని పనికి దూరం చేసే జబ్బుల్లో మైగ్రేన్ ప్రపంచం మొత్తం మీద రెండో స్థానంలో ఉందని 2019 నాటి ప్రపంచ వ్యాధి భారం లెక్కలు చెబుతున్నాయి. పల్లెటూరి ఓపీలో ఇంతమంది ఉన్న జబ్బుకు రిజిస్టర్‌లో ఒక గడి కూడా లేదు.

దీనికి మందులు రెండు రకాలు. పోటు మొదలయ్యాక వేసుకునేవి ఒక రకం: పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, సుమాట్రిప్టాన్ లాంటివి. పోటు రాకుండా, వచ్చినా తక్కువసార్లు, తక్కువ జోరుతో వచ్చేలా రోజూ వేసుకునేవి రెండో రకం. ప్రొప్రనోలాల్ ఈ రెండో రకం. స్కాట్లండ్‌కు చెందిన జేమ్స్ బ్లాక్ దీన్ని 1960లలో గుండెనొప్పి కోసం తయారు చేశారు. ఆయనకు 1988లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. గుండెనొప్పికి ఈ మాత్ర వాడుతున్న కొందరిలో అంతకుముందున్న మైగ్రేన్ కూడా తగ్గడాన్ని డాక్టర్లు గమనించి 1966లోనే రాశారు. ఆ తర్వాత జరిగిన ఎన్నో పరీక్షల్లో అది నిజమని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో మైగ్రేన్ నివారణ కింద ఈ మాత్ర ఉంది. మన దేశపు అత్యవసర మందుల జాబితాలోనూ అదే శీర్షిక కింద ఉంది. అమెరికా నరాల వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో ప్రొప్రనోలాల్‌ను, అదే రకానికి చెందిన మెటోప్రొలాల్, టిమోలాల్‌లను బలమైన రుజువున్న మందులుగా చెప్పింది.

ఇది అందరికీ పనిచేస్తుందని నేను అనడం లేదు. నెలలో వచ్చే పోట్లు సగానికి తగ్గితే డాక్టర్లు మందు పనిచేసినట్టు లెక్కవేస్తారు. కొందరికి ఆ మేలు దక్కుతుంది, కొందరికి దక్కదు. దక్కనివాళ్లకు వేరే మాత్రలున్నాయి. కానీ మా దగ్గర చాలామందికి మొదటి మాత్ర ఉందనే తెలియదు.

మా ఊళ్లలో జరుగుతున్నది ఇదీ.

1. నెలలో ఎన్ని రోజులు తలపోటు వస్తోందని ఎవరూ అడగరు. నివారణ మందు మొదలుపెట్టాలా వద్దా అన్నది ముఖ్యంగా ఈ ప్రశ్న మీదే ఆధారపడి ఉంటుంది. సాధారణంగా నెలకు నాలుగు రోజులు, ఆ పైన వస్తూ పనులు ఆగిపోతుంటే నివారణ మందు గురించి ఆలోచించాలి. వచ్చేది తక్కువసార్లే అయినా ప్రతిసారీ మనిషి మంచం పడుతుంటే అప్పుడూ ఆలోచించాలి. ఓపీలో తలనొప్పి అనగానే చీటీ మీద పారాసిటమాల్, గ్యాస్ బిళ్ల, ఒక్కోసారి ఇంజెక్షన్ రాస్తారు. వచ్చే వారం అదే మనిషి అదే వరుసలో నిలబడుతుంది.

2. నొప్పి బిళ్లలే కొత్త తలపోటు తెచ్చిపెడుతున్నాయి. మామూలు నొప్పి మాత్రలు నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రల వల్లే రోజూ తలనొప్పి వచ్చే స్థితి ఏర్పడవచ్చు. కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైనా, సుమాట్రిప్టాన్ లాంటి ట్రిప్టాన్లయినా నెలకు 10 రోజులు వాడినా చాలు. ఈ సంగతి తెలియక మా దగ్గర ఆడవాళ్లు కొంగు ముడిలో బిళ్లలు పెట్టుకుని జీడి పరిశ్రమకు పనికి వెళ్తున్నారు. జీడిగింజలు కాల్చే పొగ, ఆ ఘాటు పడక పోటు మొదలవుతుందని వాళ్లే చెబుతారు. పని మానితే కూలి పోతుంది కాబట్టి బిళ్ల వేసుకుని కూర్చుంటారు.

ఇది ఉద్దానం, అది మరచిపోవద్దని మరీ మరీ వేడుకుంటున్నాను. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా కిడ్నీ జబ్బు లేని వీధి లేదు. ఆ జబ్బుకు అసలు కారణం ఏమిటో ఇప్పటికీ తేలలేదు, తలనొప్పి మాత్రల వల్లే వచ్చిందని నేను అనను. కానీ డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మందులు అప్పటికే దెబ్బతిన్న కిడ్నీని ఇంకా దెబ్బతీస్తాయన్నది ప్రతి డాక్టర్‌కూ తెలుసు. ప్రొప్రనోలాల్ శరీరంలో ముఖ్యంగా విరిగేది కాలేయంలో, కిడ్నీలో కాదు. నెలకు సగం రోజులు నొప్పి మందు మింగే మనిషికి ఆ రోజులు తగ్గించే మార్గం ఉండి కూడా చూపకపోవడం, అందులోనూ ఇక్కడ చూపకపోవడం, మేం ఒప్పుకోలేని విషయం.

3. మందు రాసినా, పనిచేసేదాకా అందడం లేదు. నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద లోపం ఇదే. ప్రొప్రనోలాల్ తక్కువ మోతాదుతో మొదలవుతుంది. సాధారణంగా రోజుకు 40 మిల్లీగ్రాములతోనో, కొంచెం ఎక్కువతోనో మొదలుపెట్టి, నాడి, బీపీ చూసుకుంటూ కొన్ని వారాల్లో 80 నుంచి 160 మిల్లీగ్రాముల దాకా పెంచుతారు. సరిపడా మోతాదుకు చేరాక కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి చూస్తేగానీ పనిచేసిందో లేదో చెప్పలేం. మరి మా దగ్గర చీటీకి ఇచ్చేది కొద్ది రోజుల మాత్రలు. అవి అయిపోయాక ఆటో చార్జీ పెట్టుకుని, పనిదినం వదులుకుని మళ్లీ రావాలి. వచ్చాక మందులిచ్చే కిటికీ దగ్గర స్టాక్ లేదు, బయట కొనుక్కోమంటారు. కొనగలిగినవాళ్లు కొంటారు, లేనివాళ్లు ఆపేస్తారు. ఆ మాత్ర వేశాం, ఏం తగ్గలేదు అనే మాట ఊళ్లో పడిపోతుంది. నిజానికి మాత్రకు పనిచేసే వ్యవధే దొరకలేదు. నాట్లు వేసిన పది రోజులకే పంట రాలేదని చేను దున్నేసినట్టు ఉంది ఇది. బీపీకి, షుగర్‌కు నెలనెలా మాత్రలిచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ఉంది. మైగ్రేన్‌ను ఆ వరుసలో ఎందుకు చేర్చలేదో ఎవరూ చెప్పలేదు.

4. ఇంట్లోవాళ్లు, షాపువాళ్లు భయపెట్టి మాన్పిస్తున్నారు. మెడికల్ షాపులో మాత్ర పేరు చూసి, ఇది గుండె జబ్బుది కదా, మీకు బీపీ ఉందా అంటారు. ఇంటికొచ్చాక అత్తగారు, భర్త, పక్కింటివాళ్లు అదే పాట. ముప్పై ఏళ్ల అమ్మాయికి బీపీ మాత్ర ఏమిటని తీసి పక్కన పెడతారు. డాక్టర్ గది నుంచి బయటికి వచ్చేలోపు ఒక్క నిమిషం కేటాయించి, ఈ మందుకు రెండు మూడు ఉపయోగాలున్నాయమ్మా, నీకు ఇస్తున్నది తలపోటు రాకుండా, అని చెబితే ఈ గొడవ ఉండదు.

ఇందులో ప్రమాదం కూడా ఉంది. ఎక్కువ రోజులు వాడిన బీటా బ్లాకర్‌ను ఉన్నట్టుండి ఆపకూడదు. గుండె దడ, బీపీ ఒక్కసారి పెరగవచ్చు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు ఛాతీనొప్పి, గుండెపోటు దాకా వెళ్లవచ్చు. డాక్టర్ చెప్పినట్టు వారం, రెండు వారాల్లో మెల్లగా తగ్గించి ఆపాలి. కిటికీ దగ్గర స్టాక్ లేదు అనే మాట ఎంత ప్రమాదకరమో దీన్నిబట్టి ఆలోచించండి.

5. ఇవ్వకూడనివాళ్లకూ ఇస్తున్నారు. ఇది డాక్టర్ చీటీ మీదే అమ్మాల్సిన మందు. కానీ ఫలానా ఆమెకు తగ్గిందట అని స్ట్రిప్ కవర్ తీసుకెళ్లి చూపిస్తే షాపులో ఇచ్చేస్తారు. ప్రొప్రనోలాల్‌ను ఫ్లూనరిజిన్ అనే మరో మైగ్రేన్ నివారణ మందుతో కలిపి ఒకే గుళికగా అమ్మేవి కూడా అలాగే చేతులు మారుతున్నాయి. అలా కలిపిన వాటిలో ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని తగ్గించడం కుదరదు. ఫ్లూనరిజిన్ వల్ల బరువు పెరగడం, దిగులు, చేతులు వణకడం లాంటివి రావచ్చని చెప్పేవాళ్లూ లేరు. ఉబ్బసం ఉన్న మనిషి ప్రొప్రనోలాల్ వేసుకుంటే ఊపిరి గొట్టాలు బిగుసుకుని ప్రాణం మీదికి రావచ్చు. నాడి మరీ నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు, గుండెను కొట్టించే విద్యుత్ సంకేతాలు సరిగా అందని హార్ట్ బ్లాక్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. ఇన్సులిన్ వాడేవాళ్లలో షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు ఈ మందు వల్ల తెలియకుండా పోతాయి. చెమట మాత్రం పడుతుంది, దాన్నిబట్టే కనిపెట్టాలి. కడుపుతో ఉన్నవాళ్లు, పిల్లల కోసం చూస్తున్నవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పాలి. మందు మా దగ్గరికి రావాలని ఎంత గట్టిగా అడుగుతున్నానో, అడగకుండా ఇవ్వొద్దని అంతే గట్టిగా చెబుతున్నాను.

6. ఖర్చు. పోటు భరించలేక కళ్లజోడు మార్పించుకుంటారు, సైనస్ అని ఎక్స్‌రే తీయించుకుంటారు, పట్నం వెళ్లి స్కాన్ చేయించుకుని బంగారం కుదువ పెడతారు. చెవిలో పసరు పోయించుకున్నవాళ్లు కూడా నాకు తెలుసు. స్కాన్‌లో ఏమీ లేదని వస్తే ఇంట్లో, నాటకాలాడుతోంది అనే మాట మొదలవుతుంది. పదో తరగతి ఆడపిల్లలు పరీక్ష హాల్లో తల బల్ల మీద పెట్టుకుని కూర్చోవడం నేను ప్రతి ఏటా చూస్తున్నాను. మార్కులు తగ్గితే చదువు మీద శ్రద్ధ లేదంటారు, ఆ తర్వాత పెళ్లి సంబంధాలు చూస్తారు. ఈ లెక్క ఏ ఆసుపత్రి రిజిస్టర్‌లోనూ కనబడదు.

డాక్టర్లకు ఒక మాట. ఓపీలో మీ మీద ఎంత ఒత్తిడి ఉందో మాకు తెలుసు. ఒక్కరే వందమందిని చూడాల్సిన రోజులుంటాయి. అయినా బీపీ, మైగ్రేన్ రెండూ ఉన్న మనిషి మీ ముందుకు వచ్చినప్పుడు, బీటా బ్లాకర్ ఒక్కటే రెండింటికీ పనికొస్తుందేమో చూడండి. ఏ బీపీ మాత్రైనా ఒకటే అనుకుని అమ్లోడిపిన్ ఇచ్చి పంపితే బీపీ తగ్గుతుంది, తలపోటు మిగిలిపోతుంది. ఉబ్బసం వల్ల ఇది పడనివాళ్లకు అమిట్రిప్టిలిన్ లాంటి మరో నివారణ మందు ఉందని చెప్పండి. కాళ్లూ చేతులూ చల్లబడటం, నీరసం, తల తిరగడం, రాత్రిళ్లు పీడకలలు రావడం ఈ మందుతో మామూలేనని ముందే చెబితే, అవి రాగానే భయపడి మానేయరు.

మా కోరికలు ఇవి.

1. ప్రొప్రనోలాల్ 10, 40 మిల్లీగ్రాముల మాత్రలు రాష్ట్రంలోని ప్రతి పీహెచ్‌సీలో ఏడాది పొడవునా నిల్వ ఉండాలి. విలేజ్ క్లినిక్‌లకు అక్కడి నుంచి అందాలి. ఉబ్బసం ఉన్నవాళ్ల కోసం అమిట్రిప్టిలిన్ కూడా ఉండాలి.

2. మైగ్రేన్ నివారణ మందు మొదలుపెట్టిన ప్రతి మనిషి పేరు బీపీ, షుగర్ రోగుల రిజిస్టర్‌లోనే చేర్చి, ఒకేసారి 30 రోజుల మాత్రలు ఇవ్వాలి. కనీసం మూడు నెలలు ఆటంకం లేకుండా అందాలి. స్టాక్ అయిపోయే పరిస్థితి వస్తే రోగికి ముందే చెప్పి, దగ్గర్లో ఎక్కడ దొరుకుతుందో రాసివ్వాలి.

3. తలనొప్పితో ఓపీకి వచ్చిన పెద్దవాళ్లందరినీ మూడు ప్రశ్నలు అడిగి చీటీ మీద రాయాలి: నెలలో ఎన్ని రోజులు వస్తోంది, ఎన్ని రోజులు నొప్పి బిళ్ల వేసుకుంటున్నారు, ఆయాసం గానీ ఉబ్బసం గానీ ఉందా. ఏఎన్ఎం అయినా, విలేజ్ క్లినిక్ సిస్టర్ అయినా అడగవచ్చు. నాడి, బీపీ కూడా వాళ్లే చూసి రాయవచ్చు. మందు రాయడం మాత్రం డాక్టర్ పనే. పల్లెల్లో ఉన్న టెలీమెడిసిన్ ద్వారా ఆ డాక్టర్‌తో మాట్లాడించవచ్చు.

4. ఒక్క పేజీ తెలుగు కాగితం అచ్చు వేయించి మాత్రలతో పాటు ఇవ్వాలి. ఇది తలపోటు రాకుండా వేసే మందు, రెండు మూడు నెలలు ఆగాలి, ఉన్నట్టుండి ఆపకూడదు, ఆయాసం వస్తే వెంటనే రావాలి, పిల్లలకు అందకుండా దాచాలి అనే మాటలు పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎక్కువ మోతాదులో మింగితే ప్రాణం తీసే మందు కాబట్టి ఆ చివరి మాట తప్పక ఉండాలి. పాల లెక్క రాసుకునే గోడ క్యాలెండర్ మీదే పోటు వచ్చిన రోజుకు సున్నా చుట్టి, నెలాఖరున డాక్టర్‌కు చూపించమని కూడా అందులో రాయండి. చదువు రానివాళ్లు కూడా సున్నా చుట్టగలరు.

5. ఉద్దానం మండలాల్లో నొప్పి మందులు ఎక్కువగా వాడుతున్నవాళ్లను ఆశా కార్యకర్తల ద్వారా గుర్తించి, కిడ్నీ పరీక్ష చేయించి, తలపోటు కోసమే వాడుతున్నట్టయితే నివారణ మందు సంగతి చూడాలి. కిడ్నీ సర్వేలు ఎలాగూ జరుగుతున్నాయి. ఆ ఫారంలో ఒక్క ప్రశ్న చేర్చితే చాలు.

6. చీటీ లేకుండా ఈ మందు, దీన్ని కలిపిన గుళికలు అమ్మకుండా ఔషధ తనిఖీ అధికారులు మెడికల్ షాపులు చూడాలి. అయితే పీహెచ్‌సీలో మందు పెట్టకుండా షాపులను మాత్రమే కట్టడి చేస్తే రోగికి ఉన్న ఒక్క దారీ మూసుకుపోతుంది. ముందు మందు రావాలి, తర్వాతే తనిఖీ.

7. అకస్మాత్తుగా పిడుగు పడ్డట్టు వచ్చిన తలపోటు, కాలూ చెయ్యీ పడిపోవడం, మాట తడబడటం, జ్వరంతో మెడ బిగుసుకోవడం, యాభై ఏళ్లు దాటాక మొదటిసారి మొదలైన తలనొప్పి: వీటిని మైగ్రేన్ అని ఇంటికి పంపకుండా అదే రోజు పెద్దాసుపత్రికి పంపే ఏర్పాటు ఉండాలి.

ఇదే పరిస్థితి తెలంగాణ పల్లెల్లో, బస్తీ దవాఖానాల్లో కూడా ఉందని అక్కడి టీచర్లు, బంధువులు చెబుతున్నారు. అక్కడి ఆరోగ్య శాఖ పెద్దలు కూడా ఈ లేఖ తమకు రాసిందే అనుకుని చూడాలని మనవి.

మాకు కావాల్సింది రాతపూర్వకమైన జవాబు. అందులో మూడు విషయాలు చెప్పండి: గత ఏడాది శ్రీకాకుళం జిల్లా పీహెచ్‌సీలకు ఎన్ని ప్రొప్రనోలాల్ మాత్రలు పంపారు, వాటిలో మైగ్రేన్‌కు ఎన్ని ఇచ్చారు, నెలవారీ సరఫరా ఏ తేదీ నుంచి మొదలవుతుంది. జవాబు వచ్చాక దాని ప్రతిని మా ఊళ్లోని ప్రతి విలేజ్ క్లినిక్ గోడ మీద అంటిస్తాం. రాకపోతే సమాచార హక్కు చట్టం కింద ఇవే మూడు ప్రశ్నలు అడుగుతాం.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయురాలు,
తనతో పాటు అర్జీ మీద సంతకాలు, వేలిముద్రలు వేసిన ఆడవాళ్ల తరఫున